పక్కింటోళ్ళ పెరట్లో ఉచ్చు ఉంటే మనం ఏం చెయ్యాలి?

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరి దాకా చదవండి. కోపం వస్తే కింద రాయండి, కానీ పూర్తిగా చదివాకే రాయండి.

మేము పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులకు ఊరెళ్ళి తిరిగొచ్చిన ప్రతిసారీ రాత్రి భోజనాలయ్యాక గదిలో కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకుంటాం. ఈసారి సంక్రాంతి సెలవుల తర్వాత ఊళ్ళు వేరైనా కబురు మాత్రం ఒకటే. ఒకడి ఊళ్ళో పక్కింటాయన పెట్టిన ఉచ్చులో వీళ్ళ కుక్క పడింది. ఇంకొకడి ఊళ్ళో దూడ కాలు తెగింది. మరొకడి ఊళ్ళో పెరటి కంచెకి రాత్రిపూట కరెంటు తీగ తగిలిస్తున్నారు, పిల్లల్ని చీకటి పడ్డాక అటు పోనివ్వడం లేదు. అందరూ చివర అడిగిన ప్రశ్న కూడా ఒకటే. "ఎవరికి చెప్పాలి? చెప్తే ఏమవుతుంది?"

దీని మీద మా గదిలో మూడు రాత్రులు వాదించుకున్నాం. అందులో తేలిన మాటే ఈ పోస్టు.

ముందు ఒక సంగతి. ఉచ్చు పెట్టేవాడు రాక్షసుడు కాదు. వాడు మన మావే, మన పెదనాన్నే, మన ఊరి అన్నే. ఊళ్ళో లేనోళ్ళు "అడవి జంతువుల్ని చంపే జనం" అని తేలిగ్గా రాసేస్తారు. రాత్రికి రాత్రి చిలగడదుంపల మడి మొత్తం అడవిపందులు తవ్వేస్తే పొద్దున్నే ఆ మట్టిలో నిలబడ్డ మనిషి ముఖం వాళ్ళు చూసి ఉండరు. పిల్లల పుస్తకాలకని, జ్వరమొస్తే జీపు ఖర్చుకని దాచుకున్న కోళ్ళని బావురుపిల్లి వరసగా మూడు రాత్రులు ఎత్తుకుపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్ళకి తెలీదు. మన ఇళ్ళలో కోడి అంటే కూర ఒక్కటే కాదు. సంతకి పట్టుకెళ్తే చేతికి డబ్బు. దేవుడికి మొక్కు. చుట్టం వస్తే మర్యాద. అది పోయినప్పుడు మనిషికి కోపం వస్తుంది. ఆ కోపంలోనే పాత మోటారుసైకిల్ క్లచ్ తీగ తీసి కంచె కన్నంలో ముడేస్తాడు.

కాబట్టి ఉచ్చు వెనక ఒక నష్టం ఉంది. అది ఒప్పుకోకుండా మొదలుపెట్టిన మాట ఏ ఊళ్ళోనూ చెల్లదు.

కానీ రెండో సంగతి కూడా అంతే నిజం. ఆ తీగకి ఎవరు వచ్చారో తెలీదు. కోడిని ఎత్తుకుపోయిన పిల్లి వస్తుందని పెడతారు. పడేది పక్కింటి మేక, ఊరి కుక్క, ముంగిస, కుందేలు, ఉడుము. ఒక్కోసారి చిన్నపిల్ల కాలు.

"ఇది మన ఆచారం కదా" అనేవాళ్ళకి

మా గదిలో మొదట వచ్చిన మాట ఇదే. వేట మన తాతల నుంచి ఉంది, ఇప్పుడు తప్పు ఎలా అయింది అని.

నిజమే, వేట ఉంది. మన వైపు చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగాళ్ళందరూ కలిసి వేటకి వెళ్ళేవాళ్ళు. ఉత్త చేతులతో వస్తే ఆడాళ్ళు పేడనీళ్ళు జల్లి ఎగతాళి చేసేవాళ్ళు. అందరం విన్నాం, కొందరం చూశాం. కానీ ఆ వేటని ఒకసారి సరిగ్గా చూడండి. దానికొక కాలం ఉంది. ఊరంతా కలిసి వెళ్ళాలి. దొరికింది ఊరంతా పంచుకోవాలి. విల్లు పట్టినవాడు ఎదురుగా ఉన్నది ఏమిటో చూసే బాణం వదులుతాడు. పక్కింటి మేకని చూసి ఎవడూ బాణం వెయ్యడు.

పెరట్లో తీగకి ఇవేవీ లేవు. కాలం లేదు, ఏడాది పొడుగునా ఉంటుంది. ఊరికి తెలీదు, పెట్టినవాడికి ఒక్కడికే తెలుసు. పంపకం లేదు. కళ్ళు అసలే లేవు.

ఇంకో మాట. మన ముసలాళ్ళు ఉచ్చులు పెట్టలేదా అంటే పెట్టారు. దేనితో పెట్టారు? అడ్డతీగ నారతో, వెదురుతో. వానకి నాని, ఎండకి ఎండి, కొన్నాళ్ళకి అదే చివికి తెగిపోయేది. పెట్టినవాడు మర్చిపోయినా అడవి దాన్ని విప్పేసేది. ఇప్పుడు పెడుతున్నది ఇనప తీగ. అది చివకదు. ఉచ్చు పెట్టినాయన వలస పనికి పోయినా తీగ అక్కడే కాపలా కాస్తుంది. జంతువు గింజుకున్న కొద్దీ బిగుసుకుని చర్మం కోసుకుంటూ లోపలికి పోతుంది. దీన్ని ఆచారం అంటే ఆచారానికే అవమానం.

మనకి తెలివైన బోనులు కట్టడం రాదని కాదు. కిందికి పోతే, కృష్ణా గోదావరి డెల్టాల్లో యానాది, ఎరుకల అన్నదమ్ములు వరిచేలల్లో ఎలుకలు పట్టడానికి బుట్టలు కడతారు. ఆ బుట్ట ఎలుక కోసమే కట్టింది, ఎలుక దారిలోనే పెడతారు, పొద్దున్నే వచ్చి తీసుకుంటారు. పనితనం అంటే అది. ఏది పడుతుందో తెలీకుండా తీగ ముడెయ్యడం పనితనం కాదు.

"వాడి పెరడు, వాడిష్టం" అనేవాళ్ళకి

పట్నంలో ప్రహరీ గోడ ఉంటుంది. గోడ లోపల నాది, బయట నీది. మన గూడేల్లో అలా ఎక్కడుంది? ఇళ్ళు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒకరి పెరట్లోంచే ఊటనీళ్ళకి దారి. ఇంకొకరి పెరడు దాటితేనే పశువుల పాక. కంచె అంటే నాలుగు ముళ్ళకంపలు, రెండు వెదురు గడలు. కోడి నీ కంచె చూసి ఆగదు, మేక అస్సలు ఆగదు. రాత్రి కడుపునొప్పితో లేచి బయటికి పోయిన ముసలావిడ టార్చి లేకుండా ఎటు నడుస్తుందో నీకు తెలీదు.

ఇష్టం అనే మాట నష్టం కూడా వాడిదే అయినప్పుడు చెల్లుతుంది. నష్టం పక్కింటిదైతే అది ఊరి విషయం.

చట్టం ఏం చెప్తుంది

ఇది చాలామందికి తెలీదు కాబట్టి సూటిగా రాస్తున్నాం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టి పట్టడం, బోనులో పట్టడం, ఎర వెయ్యడం, వీటికి ప్రయత్నించడం కూడా వేట కిందకే వస్తాయి. సొంత భూమిలో పెడితే పర్లేదు అనే మినహాయింపు లేదు. సెక్షన్ 9 కింద ఆ చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జంతువుల వేట నిషేధం. మన చుట్టూ తిరిగేవాటిలో అలుగు, ఉడుము, చిరుతపులి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో శిక్ష కనీసం 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. పిల్లి కోసం పెట్టిన తీగలో అలుగు పడితే "నేను పిల్లి కోసం పెట్టాను సార్" అంటే ఎవరు వింటారు?

అటవీ హక్కుల చట్టం, 2006 మనకి భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. మన సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది. కానీ ఆ చోటే వేటాడడం, ఉచ్చులతో పట్టడం ఆ హక్కుల్లోకి రావని స్పష్టంగా రాసింది. పట్టా ఉంది కదా, మా భూమిలో మా ఇష్టం అనుకునే అన్నలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పడింది పెంపుడు జంతువైతే? మేక, ఆవు, కుక్క లాంటి ఇంకొకరి జంతువుని కావాలని చంపినా, అవిటిది చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద 5 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇంకోవైపు జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం చూడండి. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఒక మూగజీవి రాత్రంతా తీగలో గింజుకుంటే దాని ఖరీదు సంతలో రెండు టీలు.

కరెంటు తీగ వేరే సంగతి. స్తంభం నుంచి దొంగగా లాగితే విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 135 కింద 3 ఏళ్ళ దాకా జైలు. దానికి తగిలి మనిషి చనిపోతే అది జంతువుల కేసు కాదు, మనిషి ప్రాణం తీసిన కేసు.

పంటకి నిజంగా ప్రమాదం ఉంటే చట్టంలో దారి అసలు లేకపోలేదు. పంటకో, మనిషికో ప్రమాదంగా మారిన జంతువు విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. మీద పడ్డ జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చేసిన పని నేరం కాదని కూడా అందులోనే ఉంది. కానీ ఎవరికి వారు తీగ పెట్టుకోవచ్చని మాత్రం ఎక్కడా లేదు.

అయితే ఫోన్ చేసి చెప్పెయ్యడమేనా?

ఇక్కడే మా గది రెండుగా చీలింది.

ఒక తమ్ముడు అన్నాడు, "చట్టం ఉంది. ఫారెస్టోళ్ళకి ఫోన్ చేస్తే అయిపోతుంది. మనం చదువుకున్నది ఎందుకు?"

ఇంకో తమ్ముడు లేచాడు. "మా చిన్నాన్న మీద కేసు పెడితే వాయిదాలకి కోర్టు చుట్టూ ఎవడు తిరుగుతాడు? లాయరుకి ఎవడిస్తాడు? పెద్ద పెద్దోళ్ళు అడవిలో ఏం చేసినా కనపడదు, మనోడు కుందేలు పడితే మాత్రం పేపర్లో ఫొటో."

రెండు మాటల్లోనూ నిజం ఉంది. కేసు అనేది మన ఇళ్ళ మీద పడ్డప్పుడు దాని బరువు వేరు. పూట కూలికి పోయే మనిషి వాయిదాకి పోతే ఆ రోజు పొయ్యి వెలగదు. ఊళ్ళో ఒక కుటుంబం ఇంకో కుటుంబాన్ని పట్టించింది అన్న మాట రెండు తరాలు నిలబడుతుంది. పెళ్ళి సంబంధాలు ఆగుతాయి, నాట్లకి ఒకరికొకరు సాయం పోరు. అలాగని నోరు మూసుకుంటే పక్కింటి మేక చస్తుంది, రేపు పక్కింటి పిల్ల చస్తుంది.

అందుకే మా అభిప్రాయం ఇది. అన్ని ఉచ్చులూ ఒకటి కాదు. ఏది పెట్టారో చూసి ఎవరికి చెప్పాలో తేల్చాలి.

కరెంటు తీగ, నాటుబాంబు ఉంటే ఆలస్యం వద్దు. మావ లేదు, పెదనాన్న లేదు. అడవిపంది కొరుకుతుందని పిండిముద్దలో పెట్టే ఆ బాంబుని ఆవు కొరికితే దవడ ఎగిరిపోతుంది, పిల్లాడు బంతి అనుకుని పట్టుకుంటే చెయ్యి పోతుంది. ఈ రెండింటి విషయంలో ఆ రోజే ఊరి పెద్దలకి చెప్పండి. తీగైతే కరెంటోళ్ళ నంబరు 1912కి, బాంబైతే 112కి ఫోన్ చెయ్యండి. ఇది పట్టించడం కాదు. రేపు మనిషి చస్తే జైలుకి పోయేది ఆ మావే. ఈ రోజు ఫోన్ చేసినవాడు పక్కింటి పిల్లనీ కాపాడినట్టే, ఆ మావనీ కాపాడినట్టే.

తీగ ఉచ్చు, ఇనప బోను అయితే ముందు మాట, తర్వాత ఊరు, ఆ తర్వాతే ఆఫీసు. ఈ వరస తప్పొద్దు.

మాట ఎలా మొదలుపెట్టాలి

మాలో ఒక తమ్ముడి ఇంట్లో జరిగింది చెప్తాం. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్ళమ్మ ఒక్కతే ఉంటుంది, నాన్న లేడు. ఉన్నవి నాలుగు మేకలు. అందులో సూడిమేక పక్కింటి పెరట్లో తీగకి మెడ తగులుకుని తెల్లారేసరికి చచ్చిపోయింది. కడుపులో రెండు పిల్లలు. ఆమె పక్కింటికి పోయి ఏడ్చి, తిట్టి వచ్చింది. వాళ్ళూ తిట్టారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు.

సంక్రాంతికి మేం నలుగురం వాడితో కలిసి వెళ్ళాం. మేం పోయి మాట్లాడతాం అంటే వాళ్ళ మేనమామ వద్దన్నాడు. "మీరు చదువుకున్నోళ్ళు. మీరెళ్తే ఆడికి బుద్ధి సెప్పడానికొచ్చినట్టుంటాది. నానొస్తాను, మీరు ఎనక కూకోండి" అన్నాడు. సాయంత్రం వెళ్ళాం. ఆ మేనమామ ఉచ్చు మాటే ఎత్తలేదు. "బావా, నీ కోళ్ళెన్ని పోనాయి?" అని అడిగాడు. ఆ పెద్దాయన పావుగంట ఆపకుండా చెప్పాడు. ఏడు కోళ్ళు. ఏ రాత్రి ఏది పోయిందో, దాని రంగేమిటో అన్నీ గుర్తున్నాయి. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ అడగలేదు కదా. అంతా చెప్పాక ఆయనే అన్నాడు, "ఆ మేక నాకూ బాధే. నాను మేక కోసం ఎట్లేదు గదా."

మర్నాడు మేం నలుగురం, ఆయన కొడుకు కలిసి కోళ్ళగూడు కట్టాం. నేల మీద ఉన్న గూటిని నాలుగు గుంజల మీదకి ఎత్తాం. అడుగున వెదురుబద్దలు దగ్గర దగ్గరగా వేశాం. తలుపుకి గడియ పెట్టాం. పెరట్లో దట్టంగా పెరిగిన పొదలు కొట్టేశాం, ఎందుకంటే పిల్లి కాచుకునేది వాటిల్లోనే. ఆయన తనంతట తానే ఎనిమిది తీగల్లో ఆరు తీసేశాడు. రెండు తియ్యలేదు. అవి అడవి వైపు ఉన్నాయని, పందులు వస్తాయని అన్నాడు. మేక డబ్బులు ఇంకా ఇవ్వలేదు. పంటలొచ్చాక ఒక మేకపిల్లని ఇస్తానని మేనమామ ముందు మాటిచ్చాడు. రెండిళ్ళ మధ్య నిప్పు ఇచ్చుకోవడం, ఉప్పు పుచ్చుకోవడం మళ్ళీ మొదలైంది.

ఇది పూర్తి గెలుపు కాదు. ఆ రెండు తీగలు ఇంకా ఉన్నాయి. కానీ మొదటి రోజే ఫోన్ చేసి ఉంటే ఎనిమిదీ పోయేవేమో, మాట మాత్రం తిరిగి కలిసేది కాదు. మిగిలిన రెండింటికీ తర్వాతి మెట్టు ఊరు.

దీంట్లోంచి మాకు అర్థమైనవి ఇవి.

ఒకటి, కోపంలో పోవద్దు, ఒంటరిగా పోవద్దు. ఆయన మాట వినే మనిషిని తీసుకుపోండి. బావ, మేనమామ, కులపెద్ద, ఎవరైనా సరే. నాలుగక్షరాలు వచ్చాయని మనం ముందు నిలబడొద్దు.

రెండు, చట్టం పేరుతో మొదలుపెట్టొద్దు. ఆయన పోగొట్టుకున్నది అడిగి తెలుసుకోండి. మన బాసలోనే మాట్లాడండి, అది కువి అయినా, ఆదివాసీ ఒడియా అయినా, కోయ అయినా. తెలుగులో సెక్షన్ల నంబర్లు చదివితే మనం ఆఫీసరు లాగే కనిపిస్తాం.

మూడు, తియ్యమని చెప్పి ఊరుకోవద్దు. తీసిన చోట ఏం పెట్టాలో చెప్పండి, చేతులు కలిపి చెయ్యండి. గూడు ఎత్తు చెయ్యడం, పొద్దుగుంకగానే కోళ్ళని మూసెయ్యడం, పంట కాలంలో మంచె మీద నాలుగిళ్ళోళ్ళు వంతుల వారీగా కాపలా కాయడం, దుంపల మడి ఇంటికి దగ్గరగా వేసుకోవడం. ఇవేవీ కొత్తవి కాదు. మన తాతలు చేసినవే. వంతు కాపలా మానేశాకే తీగలు ఎక్కువయ్యాయని మా ఊళ్ళ ముసలాళ్ళు అంటారు.

నాలుగు, రాత్రిపూట దొంగచాటుగా పోయి తీగలు తెంపొద్దు. దానికి కరెంటు ఉందో లేదో మీకు తెలీదు. పచ్చికర్ర, తడికర్ర కూడా ప్రాణం తీస్తుంది. పైగా రేపటికి కొత్త తీగ వస్తుంది, మీ మీద దొంగ అనే పేరు వస్తుంది.

ఐదు, ఉచ్చులో బతికున్న జంతువు కనిపిస్తే ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. పెంచిన కుక్క కూడా నొప్పిలో కరుస్తుంది. గోనెసంచో దుప్పటో కప్పి, కళ్ళు మూసి, ఇద్దరు పట్టుకుని తీగ కొయ్యాలి. కరిచినా, గీరినా వెంటనే సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి పీహెచ్‌సీకి పోయి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు. తీగ తీసేశాక మేకో ఆవో లేచి నడిచిందని వదిలెయ్యొద్దు. బిగిసిన చోట రెండు మూడు రోజుల తర్వాత కుళ్ళొచ్చు. పశువుల అంబులెన్స్ నంబరు 1962. అడవి జంతువైతే మాత్రం మీరు విప్పొద్దు, అటవీ శాఖోళ్ళకి చెప్పండి. అడవిపందో, చిరుతో తీగలోంచి బయటపడితే ముందు పడేది మీ మీదే.

మాటకి లొంగకపోతే

అప్పుడు గ్రామసభ. మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 పెసా చట్టం మన ఆచారాన్ని, మన పద్ధతిలో తగువు తీర్చుకోవడాన్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 వన్యప్రాణుల్ని, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. అంటే ఈ విషయంలో ఊరు ఎవరినీ బతిమాలక్కర్లేదు. "మన ఊరి పెరళ్ళలో, దారుల్లో, నీళ్ళ దగ్గర తీగ ఉచ్చులు పెట్టకూడదు. పెట్టినందువల్ల పశువు పోతే పెట్టినవాడు పశువు ఇవ్వాలి. పంట పోయినవాడికి కాపలాకి ఊరు సాయం చెయ్యాలి" అని తీర్మానం రాసుకోవచ్చు. మూడో వాక్యం లేకుండా మొదటి రెండూ రాయొద్దు. అది లేకపోతే తీర్మానం పేదోడి మీద ఇంకో శిక్ష అవుతుంది.

గ్రామసభ మాట కూడా వినకపోతే, లేదా ఉచ్చులు అమ్మకం కోసం పెడుతుంటే, అప్పుడు ఆఫీసుకి చెప్పడంలో తప్పు లేదు. ఇంటి కోళ్ళ కోసం ఒక తీగ పెట్టినవాడు వేరు. అలుగు పొలుసుల కోసం, మాంసం అమ్మకం కోసం యాభై తీగలు పెట్టేవాడు వేరు. రెండోవాడికి వెనక బయటి వ్యాపారి ఉంటాడు. లాభం వాడిది, కేసు మనోడిది. అలాంటి వాడిని కాపాడడం ఆదివాసీ ఐక్యత కాదు.

ఆఫీసుల్లో ఉన్నోళ్ళకి కూడా ఒక మాట

ఈ పోస్టు ఎవరైనా అధికారులు చదివితే వినండి. ఉచ్చు పెట్టకండి అని బోర్డు రాయడం తేలిక. పందులు తవ్విన మడికి పరిహారం అడగడానికి వచ్చినవాడిని ఫొటో లేదు, సర్వే నంబరు లేదు, మళ్ళీ సోమవారం రా అని తిప్పడం కూడా తేలికే. మూడుసార్లు తిరిగినవాడు నాలుగోసారి రాడు, తీగ కొనుక్కుంటాడు. పంట నష్టం రాసుకోవడానికి ఊరికే రండి. రచ్చబండ దగ్గరే కాగితం రాయించండి. కోళ్ళగూళ్ళకి, కంచెలకి ఇచ్చే సాయం కేసు పెట్టే వేగంతో ఇవ్వండి. అప్పుడు తీగలు తియ్యమని అడిగే హక్కు మీకూ ఉంటుంది.

చివరిగా మన హాస్టల్ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. ఇటుకల పండగకి అందరం ఊళ్ళకి పోతాం. ఊరంతా ఒక్కచోట ఉండే రోజులు అవి. ఆ మూడు నాలుగు రోజుల్లో ఒక పని చేద్దాం. మీ ఇంటి చుట్టూ, నీళ్ళదారిలో ఎన్ని తీగలున్నాయో పగటిపూట పెద్దలతో కలిసి చూడండి. ఎవరి కోళ్ళు, ఎవరి పంట పోయాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టి గ్రామసభలో చదవండి. ఒక్క లెక్కే చదివితే తగువు. రెండూ చదివితే ఊరు ఆలోచిస్తుంది.

మా తమ్ముడి ఊళ్ళో మిగిలిన ఆ రెండు తీగల సంగతి మేం కూడా ఆ సభలోనే అడుగుతాం. మీ ఊళ్ళలో ఈ గొడవ ఎలా తీర్చుకున్నారో కింద రాయండి, మాకూ పనికొస్తుంది.

జై ఆదివాసీ.